బాబాయి నవల, నాయనమ్మ సినిమా

మొన్న మధ్యాహ్నం పాపకి అన్నం పెడుతుంటే మా తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు, ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. మా ఇంట్లో గోడకున్న నాన్న ఫొటోనే. దాన్ని ఏదో యాప్‌లో పెట్టి కదిలేలా చేశాడు. నాన్న కళ్ళార్పాడు, కొంచెం తల తిప్పాడు, ఎవరిదో గొంతుతో “బాగున్నారా అమ్మా” అన్నాడు. మా నాన్న జన్మలో నన్ను మీరు అనలేదు. పాప ముద్ద నోట్లోనే పెట్టుకుని “తాత! మళ్ళీ!” అంది. పక్క గదిలో అమ్మ పడుకుని ఉంది. ఆవిడ లేచేలోపు గబగబా చెరిపేశాను. చెరిపేశాక, ఇది ఇంకా ఎక్కడో ఉండే ఉంటుందని భయం పట్టుకుంది. నాకు అన్నిటికీ భయమే, పాప తుమ్మితే ఒక భయం, గాఢంగా నిద్రపోతే ఇంకో భయం. కానీ ఈ భయం మాత్రం పాతది. ఇలా మాట్లాడే బొమ్మని మా బాబాయి చాలా ఏళ్ళ క్రితమే రేపల్లెలో కూర్చుని ఊహించాడు. ఊహించి ఊరుకోకుండా నవల రాశాడు. ఆ నవలని సినిమాగా కూడా తీశారు. పాప పడుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక, అదంతా ఒకసారి రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

బాబాయికి రేపల్లె బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉండేది. ఒక మనిషి పట్టే జాగా, అద్దాల బల్ల, ఎప్పుడూ కాలిన సీసం వాసన. నీళ్ళలో పడ్డ ఫోన్లని విప్పి బియ్యం డబ్బాలో దాచేవాడు. ఒకసారి ఆ బియ్యాన్నే పిన్ని ఎసట్లో పోసేసిందని, అన్నంలో చిన్న స్క్రూ తగిలిందని మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందికి కావలసింది ఫోన్ కాదు. “ఫోన్ పోతే పోయింది అన్నా, మా అమ్మ ఫొటో ఒక్కటి బయటికి తియ్యి చాలు” అనేవాళ్ళు. బేరం లేనప్పుడు బాబాయి ఆ బల్ల మీదే రాసుకునేవాడు.

మా నాన్నది సముద్రపు వేట. నేను హైస్కూల్లో ఉండగా నిజాంపట్నం నుంచి వేటకి వెళ్ళాడు. గాలివానకి పడవ బోర్లాపడి బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నాన్న రాలేదు. శవం దొరకనివాళ్ళకి దర్భగడ్డితో బొమ్మ చేసి, దాన్నే మనిషనుకుని కర్మ చేయడం ఆచారం. పెద్దలు ఎంత చెప్పినా నాయనమ్మ ఒప్పుకోలేదు. “గడ్డిని తగలబెట్టి నా కొడుకంటారేంట్రా?” అని అందరినీ గుమ్మంలోంచే పంపేసింది. దాంతో మా అమ్మ భర్త ఉన్న మనిషీ కాకుండా, లేని మనిషీ కాకుండా మధ్యలో ఉండిపోయింది. పేరంటానికి వెళితే కుంకుమ భరిణె అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేది. ఇవ్వాలా వద్దా అని ఆ ఇల్లాలు తడబడేది. కొన్నాళ్ళకి అమ్మ పేరంటాలు మానేసింది. ఏదో ఒకటి తేలిపోతే బాగుండునని పిన్నితో అనడం నేను విన్నాను.

బాబాయి నవల పుట్టింది ఇందులోంచే. అందులో రేపల్లెని సముద్రం మింగేస్తుంది. స్టేషన్ కప్పు ఒక్కటే నీళ్ళ పైకి కనిపిస్తుంది. జనం ఇనుప స్తంభాల మీద కట్టిన మేడల్లో ఉంటారు. వాన ఆగదు. రంగు లైట్ల ప్రకటనలు నీళ్ళలో తలకిందులుగా వెలుగుతుంటాయి. అందరికీ చెవి వెనక రాగి తీగ ఉంటుంది, వాళ్ళ జ్ఞాపకాలన్నీ ఒక కంపెనీ గుప్పిట్లో ఉంటాయి. సముద్రంలో తప్పిపోయిన ఒక జాలరి జ్ఞాపకాలు పోగేసి, ఆ కంపెనీ అచ్చం అతనిలాంటి బొమ్మని చేసి తల్లికి అప్పజెబుతుంది. బొమ్మ మాట్లాడుతుంది, నవ్వుతుంది, అన్నం మాత్రం తినదు. ముసలావిడ రోజూ కంచం పెట్టి, రోజూ ఎత్తేస్తుంది. చివరికి ఆవిడే బొమ్మ చెవి వెనక తీగ పీకి, తన చేత్తో నిప్పు పెడుతుంది. ఇలాంటి కథల్ని సైబర్‌పంక్ అంటారని తర్వాత బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు మా ఇంగ్లీషు మేడమ్ చెబితే తెలిసింది. వెళ్ళి బాబాయికి చెప్పాను. “అలాంటి పేరుందని తెలిస్తే భయపడి రాసేవాణ్ణి కాదమ్మాయ్” అన్నాడు.

నాయనమ్మకి చదువు రాదు. పుస్తకం తెనాలిలో అచ్చయి రాగానే బాబాయి దాన్ని రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆవిడకి చదివి వినిపించాడు. ఆవిడ రొయ్యలు వలుస్తూ వినేది. మధ్యలో ఆపి, “ఆ కంపెనీవాడికి తల్లి లేదంట్రా?” అని అడిగేది. చివరి అధ్యాయం అయిన రోజు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తర్వాత, “సరే. ఆవిడ చెయ్యగలిగినప్పుడు నేనెందుకు చెయ్యలేను? పంతులుగారికి కబురు చెయ్యి” అంది. లోపల అమ్మ గిన్నెలు తోముతోంది. ఆ మాట వినగానే చప్పుడు ఆగిపోయింది. పంతులుగారు మంచిరోజు చూస్తానన్నారు, అయితే వదలకుండా వర్షాలు పడి, ఆయనకి జబ్బు చేసి అది కాస్తా వెనక్కి పోయింది. ఈలోగా సినిమా వచ్చింది.

ఒక కుర్ర దర్శకుడు నవల చదివి, హైదరాబాదు నుంచి వెతుక్కుంటూ బాబాయి కొట్టుకి వచ్చి హక్కులు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఏం మార్చారో బాబాయికి ఎవరూ చెప్పలేదు. రిలీజు రోజున తెనాలిలో సినిమాకి అందరం వెళ్ళాం. తెరమీద రేపల్లె లేదు, పేరులేని నగరం ఉంది. వాన ఉంది, లైట్లున్నాయి. అందరూ నల్ల తోలుకోట్లు వేసుకున్నారు. “మన ఎండలకి ఆ కోట్లలో మధ్యాహ్నానికి ఉడికిపోతారు” అని బాబాయి నా చెవిలో అన్నాడు. నవల్లోని ముసలావిడ రెండు సీన్లు దగ్గి, పటంలోకి వెళ్ళిపోయింది. కథంతా ఒక అమ్మాయికి, ఆ బొమ్మకి మధ్య ప్రేమ. చివర్లో ఆ అమ్మాయి కాగడా ఎత్తిన క్షణంలో సముద్రం చీలి, చచ్చిపోయాడనుకున్న అసలు మనిషి ఒళ్ళంతా తీగలతో నడిచొచ్చాడు. హాలంతా ఈలలు, పైకెగిరిన కాగితాలు. నాయనమ్మ సీట్లోంచి లేచి నిలబడింది. వెనకవాళ్ళు “కూర్చో మామ్మా” అని అరుస్తున్నా కూర్చోలేదు.

రేపల్లె పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ తేల్చేసింది. “కార్యం వద్దు. పంతులుగారికి చెప్పెయ్.”

“అమ్మా, అది సినిమా. వాళ్ళు మార్చేశారు. నేను రాసింది నువ్వు విన్నావుగా” అన్నాడు బాబాయి.

“నువ్వు రాసింది నీ బుర్రలోంచి తీసి రాశావు. వాళ్ళు అంతమంది కలిసి, అంత ఖర్చుపెట్టి తీశారు. ఏమీ తెలుసుకోకుండా తీస్తారేంట్రా?”

పెట్టెలో ఎవరో నవ్వారు. అమ్మ నవ్వలేదు. పొలాలకేసి చూస్తూ కూర్చుంది.

తర్వాత ఒక సాయంత్రం నాయనమ్మ పుస్తకం తనే తెచ్చి బాబాయి ఒళ్ళో పెట్టింది. “చివర మళ్ళీ చదువు. ఈసారి సరిగ్గా చదువు” అంది. బాబాయి పేజీ తెరిచాడు. నేను పక్కనే ఉన్నాను. పేజీలో నిప్పంటుకుంటోంది. బాబాయి మాత్రం కొడుకు నీళ్ళలోంచి నడిచొచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడని చదువుతున్నాడు. ఎక్కడా తడబడలేదు. నాయనమ్మ “అదీ” అంది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉందని బాబాయి అప్పుడు చూశాడు. అప్పటికే చదివేశాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. దర్శకుడు రెండో భాగం రాయమని చాలాసార్లు ఫోన్ చేశాడు. బాబాయి ఆ తర్వాత ఇంకేమీ రాయలేదు. నాయనమ్మకి ఆ చివరి పేజీ మాత్రం, అడిగినప్పుడల్లా, అలాగే చదివాడు.

నా పెళ్ళికి శుభలేఖలు తెనాలిలోనే అచ్చు వేయించాం. ప్రెస్సాయన మర్యాదగానే అడిగాడు: “అమ్మాయి నాన్నగారి పేరు ముందు కీ.శే. పెట్టాలాండి?” బాబాయి నన్ను చూశాడు. నేను అమ్మని చూశాను. అమ్మ, “మా అత్తయ్యకి చదువు రాదు గానీ, ఎవరితోనైనా చదివించుకుంటదండి. పెట్టకండి” అంది. పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. అమ్మ ఎటు నిలబడాలో తెలియక వంటవాళ్ళ దగ్గర నిలబడింది.

నాయనమ్మ పోయింది పాప పుట్టడానికి ముందు సంవత్సరం. బాబాయి కర్మకి కూర్చోబోతుంటే పంతులుగారు, “పెద్దబ్బాయిగారు ఉన్నారా, లేరా? ఉంటే వారూ కూర్చోవాలి” అన్నారు. ఉన్నాడో లేడో చెప్పకపోతే నాయనమ్మ కార్యం ముందుకు సాగదు. నాయనమ్మ లేదు కాబట్టి ఇప్పుడు ఆ మాట అనగలిగింది అమ్మ ఒక్కతే. “లేరండి” అంది. అమ్మ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. నాయనమ్మ కార్యం అయ్యాక నాన్న పేరున దర్భబొమ్మ కట్టారు. ఏటా నాన్న తద్దినానికి ఏ తిథి పెట్టమంటారని పంతులుగారు అడిగారు. తెలియనివాళ్ళకి అమావాస్య పెట్టుకోవచ్చని ఆయనే చెప్పారు.

“అమావాస్య వద్దండి. మా అత్తయ్య పోయిన తిథే ఆయనకీ పెట్టండి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆయన ఉన్నాడు” అంది అమ్మ.

బాబాయి బొమ్మకి నిప్పు పెట్టాడు. అమ్మ పెరట్లోకి వెళ్ళి, ఎవరూ తీయకముందే తన బొట్టు తనే తీసేసుకుని, మొహం కడుక్కుని వచ్చింది.

ఆ లెక్కన నా పెళ్ళి నాటికి నాన్న బతికే ఉన్నాడు. రాలేదు, అంతే. మనిషి పోయిన రోజు ఒకటి, ఇంట్లోవాళ్ళు పోనిచ్చిన రోజు ఇంకొకటి. ఆ రెండింటి మధ్య నడిచిన కాలం నాన్నదీ కాదు, నాయనమ్మదీ కాదు. అదంతా అమ్మ వయసు.