సారు దగ్గరే ఉండిపోయిన పెడళ్లు

మా డ్రిల్లు సారు పోయిన బుధవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. మా ఊరు ఐరాలలో నలుగురికి ఫోన్ చేసి ఆ కబురు చెప్పింది నేనే. ముగ్గురు నమ్మలేదు. "పొద్దున్నే ఏం ఎగతాళప్పా!" అని ఒకడు ఫోన్ పెట్టేశాడు. తప్పు వాడిది కాదు. బడిలో ఉన్నప్పుడు సారు విజిల్లో బెల్లంపాకం పోసినవాణ్ని నేను. ఆయన దాన్ని ఒకసారి చప్పరించి, "పాకం ముదిరిండాదిరా" అన్నారు, అంతే. ఎవరు పోశారని అడగలేదు.

రిటైరై మా ఎదురింట్లోనే ఉండేవారు. మా వీధిలో ఎవరి బిడ్డకు మొదటి సైకిలు కొనాలన్నా సారును వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కాల్సిందే. ఆయన రంగు చూడరు, బుట్ట చూడరు. బిడ్డను చెప్పులు విప్పించి సీటు మీద కూర్చోబెడతారు. తాను కిందికి వంగి, మడమ కింద వేలు పెట్టి చూస్తారు. వేలు దూరిందా, ఆ సైకిలు వద్దు. తర్వాత ఒంటిచేత్తో సైకిలు ఎత్తుతారు. "బిడ్డ కంటే ఇదే బరువుండాది. పడితే ఎవుర్ని ఎవురు లేపేది?" అంటారు షాపువాడితో.

మూడు నెలల కిందట నా మనవరాలి వంతు వచ్చింది. దానికి ఐదేళ్లు. గౌను కుట్టిస్తే రెండేళ్లు ముందుకు కుట్టించే వంశం మాది. సైకిలు కూడా ఐదో తరగతి దాకా రావాలని నా పట్టు. చెప్పులు విప్పిస్తారని తెలుసు కాబట్టి, దాని మేజోళ్లలో మిఠాయి డబ్బా అట్టలు మడిచిపెట్టి తీసుకెళ్లాను.

పెద్ద సైకిలెక్కింది. సారు వేలు దూరలేదు. ఆయన మేజోడు లాగి, అట్ట బయటికి తీసి, వాసన చూశారు.

"వాలీబాల్ టీముకు ఎత్తు కొలిచినప్పుడు గూడా నీ బూట్లలో ఇవే కదరా ఉండేది."

ముప్పై ఏళ్లకు పైగా నేను గెలిచాననుకుంటున్న మోసం అది.

"మరి అప్పుడెందుకు పట్టుకోలేదు సార్?"

"అప్పుడు మోసమూ నీదే, పడేదీ నువ్వే. ఈడ మోసం నీది, మోకాలు పాపది."

చిన్న సైకిలే కొన్నాం.

ఇంటికి రాగానే సారు స్పానర్ తెచ్చి పక్క చక్రాలు పీకేశారు. అక్కడితో ఆగారా, రెండు పెడళ్లూ విప్పి జేబులో వేసుకున్నారు.

"సగం సైకిలే కొన్నావా తాతా?" అంది నా మనవరాలు.

"కాళ్లతో తోసుకుంటా పో తల్లీ," అన్నారు సారు. "మా గేటు కాడ్నుంచి ఆ కొళాయి దాకా రెండు కాళ్లూ పైకెత్తి పో. ఆ పొద్దు పెడళ్లు నీ చేతికిస్తా. మధ్యలో కాలు దించితే విజిలే."

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం అరుగు మీద సారు కుర్చీ, కుర్చీలో సారు, నోట్లో విజిల్. పిల్ల కాలు దించడం, విజిల్ మోగడం, మళ్లీ గేటు దగ్గరికి రావడం. ఇది ఏడవలేదు. నాకే ఓపిక చచ్చింది. సారు తన కిటికీలో పెట్టిన పెడళ్ల కోసం ఒకరోజు చెయ్యి దూర్చబోతే, లోపలి నుంచి విజిల్ మోగింది.

పోయిన మంగళవారం కొళాయి ఇంకా పదడుగులు ఉందనగా కాలు దించింది. "రేపు" అన్నారు సారు, కుర్చీ మడుస్తూ.

నిన్న సాయంత్రం అది బడి నుంచి వచ్చి, ఎవరికీ చెప్పకుండా సైకిలు తీసింది. గేటు దగ్గర నిలబడి, గోడకు ఆనించిన కుర్చీని చూసింది. నాలుగడుగులు తోసి రెండు కాళ్లూ ఎత్తింది. సైకిలు కొళాయి దాటి, బురద దాటి, అవతలి గోడ దాకా పోయింది. విజిల్ మోగలేదు.

సైకిలు తిప్పుకుని మళ్లీ సారు గేటు దగ్గరికే వచ్చింది. కిటికీలో రెండు పెడళ్లు, వాటి మధ్య తాడు చుట్టిన విజిల్. నా చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. ఈసారి లోపలి నుంచి ఎవరూ ఊదరు. అయినా నా చెయ్యి లేవలేదు.

అది మాత్రం కిటికీ వైపు చెయ్యి చాపి నిలబడింది, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి.