గాల్లో వేలాడిన మెట్టు

సాయంత్రం నుంచీ నవ్వు ఆపుకోలేకపోతున్నాను. మంచి నవ్వు కాదులెండి.

మలేషియాలో తెలుక్ ఇంటాన్ అవతల మా పాత పామాయిల్ ఎస్టేటంతా ఊబినేల. కాలవలు తవ్వి నీళ్లు తోడేశాక అది ఏటేటా కుంగుతూనే ఉంది. గుంజల మీద కట్టిన ఇళ్లు మాత్రం ఎత్తునే ఉండిపోతాయి. అందుకని కొన్నేళ్లకోసారి గుమ్మం మెట్ల కింద ఇంకో మెట్టు కలుపుతాం. అలా పెరిగిన మా అమ్మమ్మ ఇంటి మెట్లను నాలుగేళ్ల కిందట క్లాంగ్ నుంచి వచ్చిన శిల్పి, మన తెలుగాయనే, పొద్దంతా ఫొటోలు తీసుకున్నాడు. ఆవిడ ఇచ్చిన టీ తాగాడు. ఎస్టేటు మూసేసి పార్కు చేసిన చోట అవే మెట్లను లోతు గుంజల మీద ఇనుముతో నిలబెట్టి, బోర్డు మీద "కళాకారుడి ఊహ" అని రాయించాడు. ప్రారంభానికి అమ్మమ్మను పిలవనైనా లేదు.

ఇవాళ పట్నం నుంచి అతిథులొచ్చేసరికి నేల కుంగిపోయి ఆ శిల్పం అడుగు మెట్టు నేలకు జానెడెత్తున వేలాడుతోంది. అటుగా వెళ్తున్న నన్ను చూసి శిల్పి పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లీ, మీ అమ్మమ్మ దీనికేటి సేస్తది?"

"కింద ఇంకో మెట్టు ఏస్తది లా."

"ఒకటి తెచ్చి పెట్టవా? ఆళ్లు ఫొటోలు తీస్తన్నారు."

"మా ఇంట్లో సిమెంటు దిమ్మ ఉన్నాది అన్నా. అమ్మమ్మ దాని మీదే కూకోని ఉన్నాది. బోర్డు మీద ఆవిడ పేరు రాయించు, లేపుతాను."

ఫొటోలన్నీ గాల్లో మెట్టుతోనే పడ్డాయి. ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ, "పాపం, ఇచ్చెయ్యే" అంది. మీరేమంటారు? నేనైతే ఆ పేరు పడేదాకా ఆవిణ్ణి దిమ్మ మీంచి లేవనివ్వను.