దమ్ పెట్టిన డబ్బా

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా కింది ఇంట్లో ఉండే చెన్నకేశవులుది నల్లగొండ. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ వెతుకులాట మానడు. కుక్కర్ ఈవేళ ఆలస్యంగా ఎందుకు కూసింది, ఈ గోడ ఒక్కటే ఎందుకు చెమ్మగిల్లింది అంటూ ఆరా తీస్తూనే ఉంటాడు. అతనితో మాటలు పెట్టుకుంటే పొయ్యి మీద పాలు పొంగిపోవలసిందే. నాలాంటి గుంటూరు మనిషికి అంత ఓపిక లేదు. అయినా అతనంటే నాకిష్టం.

అతని కూతురు ఇషితకు ఉబ్బసం. వెనక పార్కులో మాలీ రాలిన ఆకులు ఊడ్చి సాయంత్రం నిప్పంటిస్తే, ఆ పొగంతా వాళ్ల కిటికీలోకే. చెన్నకేశవులు చెప్పులు విడవకముందే అడిగే మాట ఒకటే.

"దమ్మొస్తున్నదా బిడ్డా?"

వాళ్ల వైపు ఆయాసాన్ని దమ్ము అంటారు. ఇషితకు తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. హిందీలో "థోడా" అనేది, కొంచెం అని.

తగలబెట్టొద్దని చెన్నకేశవులు మాలీని బతిమాలితే, మరి ఈ ఆకులు ఎక్కడ పోయమంటావు భయ్యా అన్నాడు. చెత్తబండి వాళ్లు వాటిని ముట్టరు. అప్పుడు మనవాడు ఏవేవో చదివాడు. గాలి తగలనివ్వకుండా వేడిచేస్తే ఆకు మండి బూడిద కాదట, బొగ్గవుతుందట. ఆ బొగ్గు కుండీల మట్టికి మంచిదట. ఆకులు నాకియ్యి, బొగ్గు చేసిస్తానని మాలీకి మాటిచ్చాడు.

గాలి తగలకూడదు అనగానే అతనికి గుర్తొచ్చింది బిర్యానీ. నూనె డబ్బాలో ఆకులు కుక్కి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, పెరట్లో మంట మీద పెట్టాడు. దమ్ పెట్టడం మా రక్తంలోనే ఉందన్నాడు. నేనూ నమ్మాను. తినడం తప్ప దమ్ గురించి నాకేం తెలుసు?

కాసేపటికి మూత ఎగిరి గోడకు కొట్టుకుంది. చిక్కటి ఘాటు పొగ, ఏ కిటికీని కాపాడాలనుకున్నాడో ఆ కిటికీలోకే పోయింది. ఇషిత మంచం మీద కూర్చుని ఊపిరికోసం కొట్టుకుంటుంటే భార్య భానుశ్రీ మందు పట్టించింది.  చెన్నకేశవులు మెట్టు మీద తల పట్టుకుని, ఆ మాలీయే నయం అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నేను తిట్టాను. ఇక్కడ చేతులు కాలింది ఆకుల వల్లేనని తర్వాత తోచింది.

డబ్బాను పారేద్దామనుకున్నాడు. మర్నాడు ఇషిత హిందీలో అడిగింది, మొదట తెల్లగా ఉన్న పొగ తర్వాత పసుపుపచ్చగా ఎందుకైందని. కిటికీలోంచి అంతా చూసిందట. తప్పులు వెతికేవాడికి కనబడనిది పిల్లకు కనబడింది.

అతని ముఖం వెలిగింది. తెల్లగా వచ్చింది ఆకులోని తడి అన్నాడు. అది పోయాక ఇంకా వేడెక్కితే ఆకే విడిపోతుంది. కొంత మండే ఆవిరిగా, తారుగా బయటికొస్తుంది, మిగిలింది బొగ్గు. బిర్యానీలో బియ్యం నుంచి వచ్చేది వట్టి నీటావిరి, పిండిలోంచి ఎలాగో కారిపోతుంది. ఆకు వదిలే ఊపిరి అంతకు ఎన్నో రెట్లు. దాన్ని బిగిస్తే మూతను తన్నేస్తుంది. పైగా ఆ పసుపు పొగే మంచి వంటచెరకు. కాబట్టి దారి మూయకూడదు, మంటలోకి దారి చూపాలి.

ఈసారి ఆకులు బాగా ఎండబెట్టాడు. మూత బిగించి, డబ్బా అడుగున చిల్లులు పొడిచాడు. ఘాజియాబాద్ దాటాక తెలిసినవాళ్ల నర్సరీలో మంట పెట్టాడు. ఇషితను రావద్దన్నాడు, ఆమె వినలేదు. భానుశ్రీ ఇన్‌హేలర్ పట్టుకుని, గాలి వచ్చే వైపున దూరంగా కూతుర్ని నిలబెట్టింది.

తెల్ల ఆవిరి వచ్చింది. తర్వాత పసుపు పొగ మొదలైంది. అది చిల్లుల్లోంచి దిగి మంటకు చిక్కగానే మంట గుర్రుమంది, పొగ మాయమైంది. డబ్బా పైన గాలి మాత్రం అలలుగా కదులుతోంది. మూత కదల్లేదు. చెన్నకేశవులు కూతురి దగ్గరికి పరుగెత్తాడు.

"దమ్మొస్తున్నదా బిడ్డా?"

ఇషిత డబ్బా వైపు వేలు చూపి, తెలుగులోనే జవాబిచ్చింది.

"డబ్బాకు దమ్మొస్తలేదు పప్పా. నాగ్గూడ వస్తలేదు."

భానుశ్రీ ఇన్‌హేలర్‌ను సంచిలో పెట్టేసింది.