జిప్పు పని, ముంగారి వాన

మా ఆయనకు మబ్బు కనిపిస్తే చెవులు వినిపించవు. పెళ్లైన కొత్తలోనే ఈ సంగతి నాకు తెలిసింది. తెలిసీ ఆయనతో కలిసి వ్యాపారం పెట్టాను.

ఎద్దులు అమ్మేశాక ఖాళీగా పడున్న కొట్టంలో మూడు కుట్టుమిషన్లు వేశాం. ఇద్దరం రాయదుర్గం జీన్స్ షెడ్లలో ఏళ్ల తరబడి కుట్టినవాళ్లమే. జేబులు నేను, జిప్పు ఆయన, చివర్న ముందూ వెనకా కలిపి కుట్టేది మా తోడికోడలు. జిప్పు పడితే తప్ప ఆమె చేతికి పని అందదు. ఆ జిప్పు వేయడం ఆయనొక్కడికే వచ్చు.

బళ్లారి సేటు కత్తిరించిన గుడ్డ కట్టలు దించి, పోతూ పోతూ అన్నాడు. "సోమవారానికి సరుకు రావాలక్కా. వస్తే ఏడాదంతా పని ఇస్తా. లేదంటే ఈడికే సరి."

మా బతుకంతా ఆ మాట మీదే ఉంది. చేను చూస్తే, వేసిన విత్తనం కూడా తిరిగి ఇవ్వడం మానేసి చాలా కాలమైంది.

శుక్రవారం వాన పడింది. రేకుల మీద చప్పుడు మొదలవగానే ఆయన మిషన్ మీంచి కాలు తీశాడు. వెలిశాక చేలోకి పోయి గుప్పెడు మట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

"చూడు, జేనెడు లోతు తడిసిండాది."

"తడవనీ. జిప్పులు ఎవురేస్తారు?"

"శెనక్కాయ ఏసి వచ్చేస్తా. పదును పోతే మళ్లా రాదు మే."

"సేటు పోతే వస్తాడా?"

ఆయన అప్పటికే గడప దాటాడు. తోడికోడలు కూడా కొంగు బిగించి తన చేలోకి పోయింది. ముంగారి వాన, అంటే తొలకరి, పడ్డాక విత్తనం వేయనివాడిని చూసి నవ్వే ఊరు మాది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. జేబులన్నీ కుట్టేసి చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

సోమవారం సేటు వచ్చి జిప్పులు పడని ముక్కల గుట్ట చూశాడు. తిట్టినా బాగుండేది. అన్నీ వ్యాన్‌లో వేయించుకుని పోయాడు. మళ్లీ వాన రాలేదు. మొలకలు బెత్తెడు లేచి మాడిపోయాయి.

ఏడాదికి ఇంకో సేటును బతిమాలి పని తెచ్చుకున్నాం. గడువు దగ్గరపడ్డాక మళ్లీ వాన. ఆయన లేచాడు.

"కూచ్చోప్పా," అన్నాను, తల ఎత్తకుండా.

కాసేపు గడపలో నిలబడ్డాడు. తలుపు వేసి, గడియ పెట్టి, వచ్చి కూర్చున్నాడు. జిప్పులు పడేలోపు తోడికోడలు తన చేను విత్తి వచ్చింది. చెప్పిన రోజుకే సరుకు అందించాం.

ఆ ఏడు వానలు వదలకుండా కురిశాయి. ఊరంతా పండింది, మా చేను తప్ప. తోడికోడలు అప్పుడే పీకిన వేరుశనగ కాయలు చాటలో తెచ్చి మిషన్ పక్కన పెట్టింది. ఆయన ఒక కాయ ఒలిచాడు. నిండు గింజలు. నోట్లో వేసుకోలేదు. చాటలోనే పెట్టేసి ఇంకో జిప్పు అందుకున్నాడు.

నా మాటే నెగ్గింది. ఆ చాట వైపు చూడటానికి నాకు భయమేసింది.