ఆపు, ఆప్పు

ఆ రోజు ఈల నా జేబులోనే ఉండిపోయింది. తప్పు అక్కడ మొదలైంది. నాదే.

మేం పుదుచ్చేరిలో దిగేసరికే గాలి లేచింది. తుఫాను సహాయానికి వచ్చిన చిన్న దళం మాది. అధికారి, పైలట్, మెకానిక్, రేడియో ఆపరేటర్, నేను. వెంట ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. వైతికుప్పం నుంచి వేటకు వెళ్లిన రెండు పడవలు తిరిగి రాలేదు. గాలి తగ్గగానే విమానం వాటిని వెతకాలి. అందాకా దాన్ని హ్యాంగర్‌లో భద్రం చేయమని ఉత్తర్వు.

తోయడానికి బ్యాటరీతో నడిచే టగ్ ఇచ్చారు. విమానం ముందు చక్రాన్ని పట్టుకునే చిన్న బండి అది. పిడి మీద బటన్ నొక్కి ఉంచితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. దాన్ని నడిపేది మూలకుళం మనిషి ఆర్. గోవిందు. యాభై దాటాయి. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. "మీది యా ఊరు తమ్ముడూ?" అని అడిగాడు. ఏళ్ల తరబడి బ్యారక్‌లో హిందీ విన్న చెవులకి ప్రాణం లేచొచ్చింది. పల్నాడని చెప్పాను.

రెక్కల పక్కన నడిచేవాళ్లు నోట్లో ఈల పెట్టుకోవాలి. పొడుగు ఈల అంటే ఆగమని. అది నియమం. ఇద్దరం తెలుగువాళ్లమే కదా, నోరుండగా ఈలెందుకు అనుకున్నాను.

విమానాన్ని తోక ముందుగా లోపలికి తోస్తున్నాం. వాన అడ్డంగా కొడుతోంది. ఎడమ రెక్క దగ్గర నేను, కుడి రెక్క దగ్గర రేడియో ఆపరేటర్. ఉన్నట్టుండి విమానం కాస్త పక్కకు తిరిగింది. ఎడమ రెక్క తలుపు స్తంభానికి జానెడు దూరంలోకి వచ్చింది.

"ఆపు" అని అరిచాను.

గోవిందు తల వంచి నేల మీద దేనికోసమో వెతికాడు. బొటనవేలు బటన్ మీదే ఉంది. రెక్క స్తంభానికి తగిలింది. చివరనున్న దీపం గాజు పగిలింది. రేడియో ఆపరేటర్ పరుగున వచ్చి అతని చెయ్యి లాగేశాడు.

"చెవుల్లేవా నీకు?" అన్నాను, నాకన్నా అంత పెద్దవాణ్ణి.

"ఆప్పు యాడుండాదని చూస్తా ఉండాను గదా తమ్ముడూ."

తమిళంలో ఆప్పు అంటే చక్రం కదలకుండా కింద పెట్టే చెక్క దిమ్మ. ఆపమనడానికి వాళ్లింట్లో 'నిలుపు' అంటారట. సంగతి అర్థమయ్యేలోపే అధికారి రేడియోలో ఏమైందని అడిగాడు. టగ్ డ్రైవర్ మాట వినలేదని హిందీలో చెప్పాను. ఇక అతన్ని టగ్ ముట్టనివ్వొద్దని జవాబు. మా మాటల్లో గోవిందుకు ఎంత అందిందో తెలియదు. తువ్వాలు పిండుకుని వెళ్లిపోయాడు.

మెకానిక్ రెక్కంతా తడిమి చూశాడు. గాజు మారిస్తే చాలన్నాడు. అధికారికి చెప్పిన మాట మాత్రం నేను మార్చలేదు.

మర్నాడు విమానం లేచింది. కాసేపటికి రేడియోలో పైలట్ గొంతు: రెండు పడవలూ కనబడ్డాయి, మనుషులు చేతులూపుతున్నారు. రేడియో ఆపరేటర్ నన్ను వాటేసుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనూ, తల వంచి వెతుకుతున్న గోవిందే కనబడ్డాడు. ఏళ్ల తర్వాత, యూనిఫాం వదిలి ఇంటికి వచ్చాక కూడా అదే బొమ్మ. నేను అడిగాననుకున్నదాన్ని నా కోసం వెతుకుతున్న మనిషి.

ఆ రోజు విమానం ఇంకా గాల్లో ఉండగానే అధికారి దగ్గరికి వెళ్లి ఈల బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను. గట్టిగా చీవాట్లు పెట్టి, నా సెలవు రద్దుచేసి, గోవిందును పిలుచుకు రమ్మన్నాడు.

మూలకుళంలో అతని గుమ్మం ముందు నిలబడి, తప్పు నాది అన్నా అని చెప్పాను. అంతకుముందు అతన్ని అన్నా అని పిలవలేదు.

"ఒకణ్ణి ఇరికిస్తే ఆప్పు పెట్టినాడంటారు ఈడ" అన్నాడు. "నీకోసరం ఆప్పు ఎతుకుతా ఉంటే, నువ్వు నాకే పెట్టినావు."

అని, చొక్కా తగిలించుకుని నా వెంట బయల్దేరాడు.

సాయంత్రం విమానాన్ని మళ్లీ లోపలికి తోశాం. ఈల నా పళ్ల మధ్యే ఉంది. స్తంభం ఇంకా బారెడు దూరముండగానే ఊదాను. టగ్ ఆగింది. గోవిందన్న పిడి వదిలి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"ఆప్పు తెచ్చేదా తమ్ముడూ?"

నోట్లో ఈల ఉంది, తల అడ్డంగా ఊపాను. నేనే వెళ్లి, గోడవారనున్న దిమ్మలు తెచ్చి, వంగి చక్రాల కింద పెట్టాను.