పడమటి ముఖం షెల్టరు

ధర్మపురిలో హరూర్ బస్సు ఆగేచోట షెల్టరు కట్టించింది కౌన్సిలరు గోవిందరాజు. ఎనభై ఆరు ఎన్నికల్లో గెలిచాక ఆయన చేసిన మొదటి ఘనకార్యం అదే. అది జనానికి పనికొస్తోందా లేదా అని రోజూ మధ్యాహ్నం భోంచేసి, పళ్లు కుట్టుకుంటూ వచ్చి చూసుకుంటాడు. దాని నుదుట రాయించిన తన పేరు బస్సుల్లో వాళ్లందరికీ కనబడాలని రోడ్డు వైపుకు, పడమటి ముఖంగా కట్టించాడు. పొద్దు వాలితే ఎండ నేరుగా లోపలికొచ్చి సిమెంటు తిన్నె పెనంలా కాలుతుంది. అందుకని జనమంతా గోడ వెనక నీడలో నిలబడతారు. అది చూస్తే ఆయనకు ఒళ్లు మంట. భుజం మీది తుండుతో తిన్నె దులిపి, "లోపల కూసోండప్పా! మీకోసరమే కదా కట్టించినాను!" అని అందరినీ కోళ్లను గూట్లోకి తోలినట్టు తోలుతాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా వాళ్లు మర్యాదకు చెమటలు కక్కుతూ కూర్చుంటారు.

పోయిన చిత్తిర నెల ఎండల్లో మోటారుసైకిలు మొరాయించి, ఆయనే హరూర్ బస్సు కోసం కాచుకోవలసి వచ్చింది. దర్జాగా తిన్నె మీద కూర్చున్నాడు, కూర్చున్నంత వేగంగానూ లేచాడు. పంచె వెనక తడుముకుంటూ గోడ చాటుకు వచ్చాడు. టమాటాల గంపతో అక్కడున్న తిమ్మమ్మ జరిగి చోటిచ్చింది.

"ఏంనా, లోపల కూసోలేదా?"

గోవిందరాజు ఖాళీ గోడను కిందికీ మీదికీ చూశాడు. బస్సు వచ్చేలోగా ఆయన ముఖం విప్పారింది.

మర్నాడే పెయింటరును పిలిపించాడు.

"జనమంతా ఈ పక్కనే కదప్పా ఉండేది! నా పేరు ఈడ కూడా రాయి. బాగా పెద్దదిగా."