ప్లేటు మీద ఎర్రచుక్క

1957లో నాకు ప్రొద్దుటూరులో గ్రామఫోను అంగడి ఉండేది. అంగడి అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, రెండు బీరువాల రికార్డులు, అద్దెకిచ్చే మైకుసెట్టు ఒకటి, అంతే. రికార్డును మా దిక్కున ప్లేటు అనేవాళ్లు. పెండ్లి ఇంటికి మైకుసెట్టును బండి మీద తీసుకుపోయి, మిద్దె మీద గొట్టం లాంటి హారన్ కట్టి, కారు బ్యాటరీతో నడిపేవాణ్ణి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల నేను మోగించని పెండ్లి తక్కువ. పెండ్లికొడుకు రాకున్నా ముహూర్తం జరుగుతుందేమో గాని మస్తాన్ మైకు రాకుంటే జరగదని జనం నన్ను ఎగతాళి చేసేవాళ్లు.

ఆ ఏడు మద్రాసులో ఒక ప్లేట్ల కంపెనీ వాళ్లు, పల్లెల్లో ఆడవాళ్లు పాడే పెండ్లి పాటలు కావాలని నాకు ఉత్తరం రాశారు. చదవగానే నాకు తోచింది ఓబుళమ్మ, చెన్నమ్మ. జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు పల్లెలో ఒకే ఇంటి తోడికోడళ్లు వాళ్లు. చిన్నామె చెన్నమ్మ పాట ఎత్తుకుంటే, ఆమె ఊపిరి అందక ఆగబోయే చోట పెద్దామె ఓబుళమ్మ అందుకునేది. ఎక్కడ అందుకున్నదీ మన చెవికి తెలిసేది కాదు. వాళ్లు లేకుండా ఆ పక్క ఊళ్లలో నలుగు పెట్టేవాళ్లు కాదు.

ఇద్దరినీ ఎర్రగుంట్లలో రైలెక్కించి మద్రాసు తీసుకుపోయాను. ఆరు పాటలు, మూడు ప్లేట్లు. మూడూ కలిపి అట్టపుస్తకంలా కుట్టిన సంచుల్లో పెట్టి అమ్మితే దాన్ని ఆల్బం అనేవాళ్లం. ఒక్కో పాట మూడు నిమిషాల పైచిల్లర దాటకూడదు, దాటితే ప్లేటులో పట్టదు. స్టూడియోలో ఒకటే మైకు. దానికి అటొకరు ఇటొకరు నిలబడాలి, ఎర్ర దీపం వెలిగినప్పుడు పాడాలి. అలా ఒకసారి మొదలుపెట్టి చివరిదాకా పాడటాన్ని టేక్ అంటారు. మధ్యలో తప్పు జరిగితే మళ్లీ మొదటికే.

ఐదు పాటలు చక్కగా వచ్చాయి. నలుగు పాట దగ్గర బండి నిలిచిపోయింది. ఆ పాటలో మూడో చరణానికి పెండ్లికూతురి పేరు కలపాలి.

‘పసుపు మెత్తండి వదినల్లారా, మా’ అని అక్కడిదాకా వచ్చి చెన్నమ్మ నోరు మూసుకునేది. మూడు టేకులు అక్కడే పాడయ్యాయి.

అద్దం వెనక నుంచి ఇంజనీరు బయటికి వచ్చాడు. “ఏమిటండీ ఇది? ప్రతిసారీ అక్కడే ఎందుకు ఆగిపోతున్నారు?”

చెన్నమ్మ ఆయన్ను వదిలేసి నన్ను అడిగింది. “మస్తానన్నా, ఇది ఎవురి పెండ్లి?”

“ఎవరి పెండ్లీ కాదమ్మా. ప్లేటు కోసం.”

“పెండ్లికూతురు ల్యాకుండా నలుగు ఎట్ల పాడేది?”

ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. కంపెనీ దగ్గర నా మాట పోతుందని నాకు తొందర. “ఎవరో ఒకరు ఉన్నారనుకో. నోటికొచ్చిన పేరు చెప్పి ముగించు తల్లీ” అన్నాను.

ఎర్ర దీపం వెలిగింది. ఈసారి చెన్నమ్మ ఆగలేదు. ‘మా మద్దిలేటమ్మకూ’ అని పాడేసింది. ఓబుళమ్మ ఒక్క రవ్వ ఉలిక్కిపడి, అదే పేరు అందుకుంది. ఇంజనీరు చేయి పైకెత్తాడు. టేక్ ఓకే.

తిరుగు రైలులో ఓబుళమ్మ తోడికోడలిని నిలదీసింది. “ఆ పేరు యాడ దొరికిందే నీకు? పాపకు ఇంగా ఐదేండ్లు నిండలేదు.”

“నోటికి అదే వచ్చిండాదక్కా. పొద్దున లేస్తే పిలిచే పేరు అదే గదా.”

మద్దిలేటమ్మ చెన్నమ్మకు ఒక్కగానొక్క కూతురు. తాంబూలాలు మార్చుకోని పిల్ల పేరు నలుగు పాటలో ఆటకైనా కలపకూడదట. కలిపితే ఆ పిల్లకు పెండ్లి గడియ దాటిపోతుందట. అది నాకు తెలియదు. తెలుసుకుందామన్న ఆలోచన కూడా రాలేదు.

ఆల్బం వచ్చింది. మద్రాసు వాళ్లు మెచ్చుకున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, మావాళ్లు రచ్చ గెలిచి ఇంట ఓడిపోయారు. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి ఇంట మొదటిసారి ఆ పాట పెట్టినప్పుడు, పెండ్లికూతురి అవ్వ నా దగ్గరికి వచ్చింది.

“ఏమప్పా, మా పిల్ల పేరు సావిత్రి. ఈ మద్దిలేటమ్మ ఎవురు?”

“ప్లేటులో అట్లుందవ్వా.”

“మా బిడ్డకు పసుపు పూస్తా ఇంగొకరి బిడ్డను దీవిస్తాండారే. తీసెయ్ దాన్ని.”

పులివెందులలో కొన్నవాళ్లు ఇద్దరు ఆల్బం వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయారు. జమ్మలమడుగు దిక్కున ఇంకా అన్యాయం. ఆ పేరు ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. కంపెనీ ఖర్చుతో కూతురికి నలుగు పెట్టించుకున్నారని కొందరు నవ్వారు. కుదరకముందే నలుగు అయిపోయింది, ఇక ఆ పిల్లను ఎవరు చేసుకుంటారని కొందరు నిజంగానే అన్నారు. తోడికోడళ్లను పెండ్లిళ్లకు పిలవడం తగ్గింది.

చెన్నమ్మ ఒకరోజు అంగడికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. “అన్నా, ఆ ప్లేట్లన్నీ పగలగొట్టెయ్.”

“నా దగ్గరుండేవి పగలగొట్టగలను. అచ్చు మద్రాసులో ఉంది. వాళ్లు ఎన్నైనా తీస్తారు.”

“అయితే నా బిడ్డ గతి ఏంది?”

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సామెత కట్టినవాడికి ప్లేటు సంగతి తెలియదు. ప్లేటులో జారిన నోరు ఊరూరా తిరిగి మళ్లీ మళ్లీ జారుతుంది. జారించింది నేను. ఆ సిగ్గు చాలాకాలం నన్ను వదల్లేదు.

నాకు చేతనైంది ఒకటే. ఆ పేరు వచ్చే గాడి దగ్గర ప్లేటు మీద ఎర్ర రంగుతో సన్న చుక్క పెట్టాను. పిన్ను ఆ చుక్క దగ్గరికి రాగానే వాల్యూం పూర్తిగా తగ్గించి, పేరు దాటాక పెంచేవాణ్ణి. మొదట పులివెందులలో ఒక పెండ్లిలో అలా చేశాను. హారన్ మూగబోయింది. ఆ ఖాళీలో పెండ్లికూతురి మేనత్త, చేతిలో పసుపు గిన్నెతోనే, ‘మా రామక్కకూ’ అని అందుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా గొంతు కలిపారు. వాల్యూం పెంచాను. చరణం నడిచింది.

మూడు ఊళ్ల మైకుసెట్టు వాళ్లకూ ఆ చుక్క చూపించి, పెట్టించాను. ఇక ఆ పాట లేనిదే పెండ్లి లేదన్నట్టు అయింది. తమ పిల్ల పేరు తామే పాడుకునే ప్లేటు ఇంకొకటి లేదు మరి. మద్దిలేటమ్మ పేరు మాత్రం మళ్లీ ఎక్కడా మోగలేదు. ఐనా జనం మరిచిపోలేదు. పిల్ల ఈడుకొచ్చాక రెండు సంబంధాలు వచ్చి, ‘ప్లేటు పిల్ల’ అని తెలిసి వెనక్కి పోయాయి. ఈలోగా ఓబుళమ్మ జ్వరంతో పోయింది. ఆ తర్వాత చెన్నమ్మ పాట ఎత్తలేదు.

పన్నెండేండ్లకు చక్రాయపేట నుంచి ఒక సంబంధం వచ్చింది. ఇరుగుపొరుగు ఆ మాట వాళ్ల చెవిన వేయకుండా ఉంటారా? వేశారు. పెండ్లికొడుకు తల్లి విని, “ఇన్ని పెండ్లిండ్లలో ఆ పిల్ల పేరుండే ప్లేటు తిరిగిందంటే, ఇన్ని ఇండ్ల దీవెన పడినట్టే గదా. మాకు శానా మంచిది” అని తాంబూలం అందుకుందట.

నలుగు రోజు పొద్దున ఆ పాత ప్లేటే తీసుకుని పోయాను. పెట్టాను. పిన్ను ఎర్రచుక్క దగ్గరికి వస్తోంది. అలవాటు కొద్దీ నా చేయి వాల్యూం మీదికి పోయింది. చెన్నమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“ఈపొద్దు తగ్గించాకు అన్నా.”

‘మా మద్దిలేటమ్మకూ’ అని మిద్దె మీద హారన్ పలికింది. ఆ వెంటనే, పోయిన ఓబుళమ్మ గొంతు ఆ పేరు అందుకుంది. ఆమెతో కలిసి చెన్నమ్మ కూడా పాడింది. నేను ముఖం బ్యాటరీ వైపు తిప్పుకున్నాను.

ఆ తర్వాత కూడా కంపెనీ కోసం చాలామందిని మద్రాసు తీసుకుపోయాను. రైలెక్కేముందు ఒకటే అడిగేవాణ్ణి, ఈ పాట ఎవరి ముందు పాడతారని. పిల్ల ముందరంటే పిల్లను, మొగుడి ముందరంటే మొగుణ్ణి, వాళ్లను కూడా రైలెక్కించేవాణ్ణి. ఎర్ర దీపం వెలిగేముందే పాడేవాళ్ల కండ్లకు ఎదురుగా, అడ్డం రాకుండా, ఆ వచ్చినవాళ్లను ఒక స్టూలు మీద కూర్చోబెట్టేవాణ్ణి.